మూత చేతుల చొక్కా

దిగుడు, మొదటి రోజు

సంఘం ఈ హాజరు పుస్తకంలో రాయమన్నవి రెండే. పిల్లల గదికి ఎవరెవరు వచ్చారు, జావ తాగారా లేదా. అవి రాస్తాను. వాటితోపాటు నాకు రాయాలనిపించినవీ రాస్తాను. ఇష్టం లేనివాళ్ళు జావ దగ్గరే ఆగిపోవచ్చు.

పిల్లలందరూ వచ్చారు. ముత్యాలు తప్ప అందరూ జావ తాగారు. ముత్యాలు నా మేనకోడలు, మూడేళ్ళు నిండబోతున్నాయి. తాగకపోవడానికి కారణం ఉంది. పొద్దున్నే దాని తల్లి, అంటే మా అప్ప పైడి, సముద్రం అడుగున ఉన్న అడుగిల్లుకి దిగిపోయింది. అక్కడి నీటి తిరగళ్ళు తిరిగితేనే ఒడ్డున ఊళ్ళలో దీపాలు వెలుగుతాయి. వాటి రెక్కలు అరిగితే మార్చడం అప్ప బృందం పని. ఇక నెల్లాళ్ళకి గానీ, సముద్రం మధ్యలో మేమంతా ఉండే ఈ ఇనుపగట్టు మీదికి రాదు.

డోలు తలుపు బిగించాక తల్లీకూతుళ్ళు కన్నులోంచి మాట్లాడుకున్నారు. డోలు అంటే గట్టు మీదున్న ఇనుప గది, కన్ను దానికున్న గుండ్రటి అద్దం. దిగేవాళ్ళని అందులో కూర్చోబెట్టి, తేలిక గాలి నింపి అడుక్కి దించుతారు. అంత లోతులో మన మామూలు గాలి పీలిస్తే మత్తెక్కి పడిపోతారు. తేలిక గాలితో మత్తు ఎక్కదు గానీ గొంతు మారిపోతుంది. ఎంత పెద్దమనిషి నోరు తెరిచినా బాతు అరిచినట్టే ఉంటుంది. అందుకని అడుగున ఎవరూ నోటితో మాట్లాడరు. తొలి బృందంలో పుట్టు చెవుడున్న అన్నదమ్ములు ఇద్దరు ఉండేవారట. వాళ్ళ చేతుల్లోంచి మొదలైన మాట ఇప్పుడు తిట్లూ జోలపాటలూ పొడుపుకథలూ ఉన్న నిండు భాష. దాన్ని సైగలు అన్నవాళ్ళతో నేను రెండు రోజులు మాట్లాడను. దాని పేరు చేతిమాట.

"ఏం తెస్తావు?" అని ముత్యాలు చేతులతో అడిగింది.

"గుల్ల" అంది అప్ప, లోపల్నుంచి.

"పెద్దది."

"నీ ముక్కంత."

ముత్యాలు ముక్కు తడుముకుని చూసుకుంది. సరిపోదనుకుంది. "వద్దు. అమ్మమ్మ ముక్కంత."

వెనక నిలబడ్డ మా అమ్మ అసిరమ్మకి ఇందులో ఒక్క మాటా తెలియదు. "ఏటంటందిరా?" అని నన్నడిగింది. చెప్పాను. "తల్లీకూతుల్లకి నా ముక్కే దొరికిందేటి!" అని నవ్వింది.

పిల్లల గదిలో పొద్దున్న పూట నోటి పాటలు, కథలు. జావ తర్వాత ఒక గంట చేతిమాట. ఆ గంట నాది. ఈ రోజు ఆ గంటలో సింహాద్రి చేతులు కదపలేదు. చూద్దును కదా, వాడి చొక్కా చేతులు వేళ్ళు దాటి పొడుగ్గా ఉన్నాయి, చివర్లు మూసి కుట్టేసి ఉన్నాయి. సాయంత్రం వాళ్ళమ్మ నూకాలు వదిన వస్తే అడిగాను.

"ఏంటి వదినా, వాడి చేతులకి దెబ్బా?"

"దెబ్బ కాదురా. మూత చేతుల చొక్కా. సరుకుల పడవలో వొచ్చింది. సేతులు ఆడకపోతే నోరు ఆడుద్దంట."

నాకు నోట మాట రాలేదు. చేతి మాట మాత్రం వచ్చింది. అది ఇక్కడ రాయకూడదు.

దిగుడు, రెండో వారం

పిల్లలందరూ వచ్చారు. జావ తాగారు. అయితే గిన్నె పట్టుకోవడానికి చేతులు లేనివాళ్ళకి నేనే తాగించాను. గదిలో సగం మందికి మూత చేతులు వచ్చేశాయి. జలుబు కూడా ఇంత వేగంగా అంటుకోదు.

నాకు తెలిసిన చదువంతా కరపత్రాల్లోది. ఒడ్డున ఉన్న రెండు మాటల సంఘం వాళ్ళు అచ్చువేసినవి. పడవ వాళ్ళు సీసాలు పగలకుండా మధ్యలో కుక్కి తెస్తారు. తడిసి, ఆరి, ఉప్పు పట్టి ఉంటాయి. నేను వాటిని ఇస్త్రీ చేసి మరీ చదువుతాను. రెండు భాషల మధ్య పెరిగే బిడ్డ మొదట్లో కలిపి మాట్లాడుతుంది, ఒక్కోసారి ఒకదానిలో వెనకపడినట్టు కనిపిస్తుంది, కంగారు పడొద్దు, రెండిటినీ కలిపి లెక్కేసి చూడండి అని వాటిలో స్పష్టంగా ఉంది. ఇవాళ ఒకటి పట్టుకెళ్ళి నూకాలు వదిన ముందు పెట్టాను. ఆవిడ చేపలు ఎండేస్తోంది.

"మావోడికి అమ్మ, నీల్లు, వొద్దు. ఇంతే వొస్తంది నోటికి" అందావిడ. "వొచ్చే నెల ఒడ్డు బడి పంతులమ్మ బడికి పిల్లల్ని ఎంచడానికి వొస్తాది. నోరు వింటాది గానీ సేతులు సూస్తాదేటి? సెప్పు."

"వాడి చేతులకి ఎన్ని మాటలు వచ్చో నీకు తెలుసా? మొన్న నాకు పీత కథ చెప్పాడు. మొదలు, మధ్య, చివర అన్నీ ఉన్నాయి."

"పంతులమ్మకి పీత కథ నోటితో సెప్పమను."

"చెప్తాడు. టైమివ్వు. బిడ్డ బుర్ర కుండ కాదు వదినా, ఒకటి పోస్తే ఇంకోటి ఒలికిపోడానికి."

"అది నీ మాటా, కాగితం మాటా?"

"కాగితం మాటే. అయితే ఏంటి?"

"ఆ కాగితం రాసినోడికి పిల్లలున్నారా?"

ఈ ప్రశ్నకి కరపత్రంలో జవాబు లేదు. నేను గొంతు పెంచాను. ఆవిడ అంతకన్నా పెంచింది. మరునాడు అదే కరపత్రంలో ఎండు నెత్తళ్ళు చుట్టి మా ఇంటికి పంపింది. నెత్తళ్ళు మాత్రం బాగున్నాయి.

దిగుడు, అదే వారం, సాయంత్రం

మా ఇంట్లోనే! నా ఇంట్లోనే!

గదికి తాళం వేసి ఇంటికి వెళ్ళేసరికి మా అమ్మ ఒళ్ళో బట్ట పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ముత్యాల పసుప్పచ్చ చొక్కా. ఒక చెయ్యి మూత కుట్టడం అయిపోయింది.

"నువ్వు కూడానా?"

"నాను కూడానే. పిల్లగుంటకి నోరు మూసుకుపోతంది నీ సేతులాటల్తో. నూకాలు కొడుక్కి మూడు మాటలైనా వొచ్చు. దీనికి నాన, పెరుగు. అంతే."

నా కరపత్రాలు నాకు కంఠతా వచ్చు. అన్నీ చెప్పాను. మా అమ్మ సూది ఆపలేదు. మూలన మా బావ కొర్లయ్య తాడు ముడులు విప్పుతూ కూర్చున్నాడు. డోలుని ఎత్తి దించే మర మీద పని ఆయనది. సాయం చేస్తాడని ఆయన వైపు తిరిగాను. "బావా, నువ్వైనా చెప్పు. నీ కూతురు కదా!"

"నా కూతురే. అందుకే సెప్పలేకపోతన్నాను" అన్నాడు. "నాకు వొచ్చినవి ఎత్తు, దించు, ఆపు. పని సైగలు. అది నా కాడికొచ్చి గబగబా సేతులాడిస్తాది. నాకేటి తెలుస్తాది ఎల్లాజీ? ఎర్రిమొకం ఏసుకుని సూస్తాను. నా బిడ్డ నాతో మాటాడాలని నాకుండదా?"

"నేర్చుకో" అన్నాను. ఆయన తాడు వైపు చూశాడు. రోజంతా మర తిప్పి వచ్చిన మనిషి.

అప్పుడు మా అమ్మ అసలు మాట అంది. సూది పక్కన పెట్టి మరీ అంది.

"నీ అయ్యకి సేతిమాట వొచ్చు. అడుక్కి పోనాడు. పైడికి వొచ్చు. అదీ పోనాది. నీకూ వొచ్చు, రేపో మాపో నువ్వూ పోతావు. రానిదాన్ని నానొక్కర్తినే, పైన కూకున్నాను. ఈ గుంట ఒడ్డు బడికి ఎల్లాలి. ఒడ్డునే ఉండాలి. దానికి ఆ మాట వొద్దు."

"భాష వస్తే అడుక్కి లాక్కుపోతుందామ్మా? అదేమన్నా సుడిగుండమా?"

"మీ అయ్య ఆఖరుసారి దిగినప్పుడు కన్నులోంచి నాతో ఏదో అన్నాడు, సేతుల్తో. నాకు అర్తం కానేదు. తెలిసినట్టే తలూపినాను. మల్లీ రానేదు మనిసి. ఏటన్నాడో ఇప్పటికీ తెల్దు. ఆ మాట నాకేటి మంచి సేసిందిరా?"

నాకు అప్పుడు ఏడేళ్ళు. నేను ఆ పొద్దున గట్టు అవతల ఆడుకుంటున్నాను. అమ్మ ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

"ఎలా అన్నాడు? చేసి చూపించు, నేను చెప్తాను."

"నాను సెయ్యను" అని మళ్ళీ సూది తీసుకుంది.

దిగుడు, మూడో వారం

హాజరు: తెలియదు. గది తాళం నా దగ్గర లేదు. ఈ పుస్తకం ఎవరూ అడగలేదు కాబట్టి రాస్తున్నాను.

వలల షెడ్డులో సంఘం కూర్చుంది. విషయం, చేతిమాట గంట ఉంచాలా తీసేయాలా. నేను ముందు రోజంతా మాట్లాడాల్సింది రాసుకున్నాను, అద్దం ముందు చెప్పుకుని చూసుకున్నాను. నెమ్మదిగా మాట్లాడాలి అని అరచేతిలో రాసుకున్నాను కూడా. రెండు నిమిషాలు నెమ్మదిగానే మాట్లాడాను.

అప్పుడు నూకాలు వదిన సింహాద్రిని ముందుకు తెచ్చి, "సూడండి, సొక్కా ఏసినాక ఎంత కుదురుగా ఉన్నాడో" అంది. వాడు నిజంగానే కుదురుగా ఉన్నాడు. గోడకి ఆనించిన తెడ్డులా ఉన్నాడు. నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. బల్ల మీద వలలు కోసే కత్తెర ఉంది. వాడి చొక్కా చెయ్యి పట్టుకుని మూత కోసేశాను.

వాడి వేలికి తగల్లేదు. కానీ వాడు కెవ్వుమన్నాడు, నన్ను చూసి. నా గదిలో నా ఒళ్ళో కూర్చునే పిల్లాడు.

సంఘం పెద్ద దానయ్య తాతకి కోపం రాదు. అదే ఇబ్బంది. "ఒరే నాయనా, నువ్వు సెప్పింది నిజమే కావచ్చు" అన్నాడు. "కానీ కత్తెరట్టుకుని సెప్పే మాట ఎవుడు వింటాడు? తాలం ఇటియ్యి. డోలు పైకొచ్చి మనోల్లు బైటికొచ్చేదాకా సేతిమాట గంట నేదు. ఆల్లొచ్చినాక ఆల్లనీ అడిగి తేలుద్దాం. ఈలోగా నువ్వు గట్టు కాల్లకి పట్టిన గుల్లలు గీకు."

గీకుతున్నాను. గుల్లలకి నా వాదన అంతా వినిపించాను. ఒక్కటీ ఎదురు చెప్పలేదు.

దిగుడు, ఆఖరి వారం

ముత్యాల హాజరు ఒక్కటే రాయగలను, ఇంట్లో ఉంది కాబట్టి.

మూత చేతులు వేసి రెండు వారాలు కావస్తోంది. నోరు ఆడుతుందన్నారు. ఆడకపోగా ఉన్నదీ ఆగింది. నాన అనడం మానేసింది. పెరుగు కావాలంటే గిన్నెని మోచేత్తో తోస్తుంది. ఇదివరకు పొద్దున్న లేస్తే కలలో ఏమొచ్చిందో చేతులతో చెప్పేది. మధ్యలో ఒకటి రెండు నోటిమాటలు కూడా దొర్లేవి, కూరలో కరివేపాకులా. ఇప్పుడు అదీ లేదు, ఇదీ లేదు. బావ చూస్తున్నాడు. పెరుగు గిన్నె కింద పడ్డప్పుడల్లా మా అమ్మ వైపు చూస్తున్నాడు. మా అమ్మ కూడా చూస్తోంది. "కొత్తలో అలగే ఉంటాది" అంటోంది. నిన్న మరీ గట్టిగా అంది.

సాయంత్రం ముత్యాలు నా దగ్గరికొచ్చి రెండు మూతలూ నా ముందు చాపింది. గీకే కత్తి నా నడుముకే ఉంది. ఒక్క నిమిషం పని.

కోయలేదు. కోస్తే మా అమ్మ ఇంకోటి కుడుతుంది. ఎన్ని కోస్తే అన్ని కుడుతుంది, నేను ఆవిడ కొడుకునే కదా. కుట్టిన మనిషే విప్పాలి. చెయ్యి పట్టుకుని గట్టంతా తిప్పాను, మూత పైనుంచే.

ఎక్కుడు, మొదటి రోజు

ఇవాళ జరిగింది ఒక్క ముక్క వదలకుండా రాస్తాను.

డోలు పైకొచ్చింది. మనవాళ్ళు వెంటనే బయటికి రారు. వారం పాటు అందులోనే కూర్చుంటే లోపలి ఒత్తిడిని కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. గొంతు సర్దే పెట్టె ఒకటి ఉంది గానీ అది మర గదిలో పని మాటలకే వాడతారు. అందులోంచి వస్తే ఆడైనా మగైనా అందరిదీ ఒకే జవాను గొంతు. ఇళ్ళవాళ్ళకి ఉన్నది కన్నే. కన్ను పక్కన చిన్న మైకు ఉంటుంది, మన మాట లోపలికి బాగా వినిపిస్తుంది. లోపలి మాట మనకి బాతు కూతలా వినిపిస్తుంది.

ఇంకో కట్టుబాటు కూడా చెప్పాలి. డోలులో ఉన్నవాళ్ళకి చెడ్డ కబురు చెప్పకూడదు. కంగారు పడితే ఎక్కుడు దెబ్బతింటుందని. కిందటేడు ఒకాయన తండ్రి పోతే ఆ ఇంటిల్లిపాదీ కన్ను ముందు పళ్ళికిలించి నిలబడ్డారు. అందుకని లోపలున్నవాళ్ళు మన నవ్వులు నమ్మరు. బయటివాళ్ళు ఎంత బాగున్నామంటే లోపలివాళ్ళు అంత భయపడతారు.

గీకుడు నుంచి నాకు పూట సెలవిచ్చారు. అమ్మ ముత్యాల్ని ఎత్తుకుంది. బావ మర ఆపి వచ్చాడు. నూకాలు వదిన సింహాద్రితో మా వెనక వరసలో ఉంది, వాళ్ళాయన కూడా లోపలే.

అప్ప కన్ను దగ్గరికొచ్చింది. నవ్వింది. ముత్యాల చేతులు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"చేతులకేమైంది?"

అప్ప దిగే ముందు ఈ చొక్కా చూడనేలేదు. దానికేం తెలుసు? నాకూ మొదటిసారి దెబ్బే అనిపించింది కదా. ముత్యాలేమో తల్లిని చూసి రెండు మూతలూ అద్దానికేసి టపటపా కొట్టింది. అప్పకి అది కట్లు కట్టిన చేతులు చూపించి ఏడుస్తున్నట్టే ఉంది.

"కాలాయా? తెగాయా? ఎల్లాజీ, చెప్పు!"

"ఏమీ కాలేదు. చొక్కా అంతే" అని చేతులతో చెప్పాను. నవ్వాను కూడా. నవ్వకుండా ఉండాల్సింది.

"చొక్కాకి ఎవరైనా చేతులు మూసి కుడతారా? అబద్ధం! వేళ్ళున్నాయా, లేవా?"

అప్ప నోటితో కూడా అరిచింది. మైకులోంచి బాతు గొంతు వచ్చింది. పక్కన పిల్లలు బెదిరి ఏడుపు అందుకున్నారు. మా అమ్మ నా వైపు తిరిగింది.

"ఏటయిందిరా దానికి? ఒంట్లో బాగునేదా? ఏటంటంది?"

"పాప చేతులకి దెబ్బ తగిలిందని భయపడుతోందమ్మా. చొక్కా తీసెయ్యి, సరిపోతుంది."

అమ్మ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోను. "నెల్లాల్లుగా అదే పాట పాడతన్నావు. లోపల అది ఏడుస్తుంటే కూడా నీ కాగితాల గొడవేనేటిరా? నీకు కావలసినట్టు తిప్పి సెప్తన్నావు. నాను నమ్మను."

రెండు భాషలూ వచ్చినవాణ్ణి ఇద్దరి మధ్యా నిలబడ్డాను. ఇద్దరిలో ఒక్కరూ నన్ను నమ్మలేదు.

లోపల అప్ప అద్దాన్ని రెండు చేతులతో బాదుతోంది. డోలు కాపలా ఆయన పరిగెత్తుకొచ్చాడు. "ఆవిణ్ణి కుదుటపరచండి. నేకపోతే కన్ను మూసెయ్యాల. ఇలగైతే ఆవిడ పానానికే మంచిది కాదు" అని ఇనుప మూత గొళ్ళెం మీద చెయ్యి వేశాడు.

"ఆగు బాబూ" అంది మా అమ్మ.

అమ్మ నన్ను చూడలేదు, కాపలా ఆయన్ని చూడలేదు. తన కూతురి కళ్ళనే చూసింది. ఆ కళ్ళు ఎటు చూస్తున్నాయో చూసింది. ముత్యాల్ని కొంచెం ఎడమకి జరిపింది. అప్ప కళ్ళు ఎడమకి జరిగాయి. కుడికి జరిపింది. కుడికి జరిగాయి.

"సేతులే సూస్తంది కదరా" అంది నెమ్మదిగా.

అక్కడే చతికిలబడి, ముత్యాల్ని ఒళ్ళో పెట్టుకుని, కుట్టుని పళ్ళతో కొరికింది. మా అమ్మ కుట్టు గట్టి కుట్టు. రెండోసారికి గానీ తెగలేదు. నా కత్తి అందించాను, అందుకోలేదు. రెండో మూత కూడా పళ్ళతోనే తెంపింది.

చెమటకి నాని, తెల్లగా ముడతలు పడ్డ వేళ్ళు బయటికొచ్చాయి. ముత్యాలు వాటిని ఒకసారి తిప్పి చూసుకుంది. తర్వాత అద్దానికి ఆనించింది.

"ఉన్నాయి. రెండూ ఉన్నాయి" అంది తల్లితో, చేతులతోనే. ఊపిరి కూడా తీసుకోకుండా, "గుల్ల ఏది?" అంది.

అప్ప అద్దానికి నుదురు ఆనించి ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూనే చేతులు కదిపింది.

"ఏటంటందే?" అని మా అమ్మ అడిగింది. నన్ను కాదు. ముత్యాల్ని.

ముత్యాలు వెనక్కి తిరిగింది. నోరు తెరిచింది. "గుల్ల తెచ్చిందంట. నీ ముక్కంతంట."

నాన, పెరుగు తప్ప ఏదీ పలకని నోరు అది, ఇన్నాళ్ళూ విన్నదంతా లోపలే దాచుకుందన్నమాట. మా అమ్మ చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది. మా బావ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"ఇంకేటంటంది?"

ముత్యాలు కన్ను వైపు చూసి, మళ్ళీ ఇటు తిరిగి, "ఆకలంట. పులుసు కావాలంట. చింతకాయది."

"డోలులో పులుసు పెట్టరు గదే. వారం ఆగమను."

ముత్యాలు చేతులతో అంది. చూసింది. "ఆగదంట."

జనం నవ్వారు. మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకేటంటంది, ఇంకేటంటంది" అంటోంది. అప్ప అప్పటికి ఏమీ అనడం లేదు, ఊరికే చూస్తోంది. ముత్యాలు ఒక్క క్షణం ఆలోచించింది.

"ముత్యాలుకి బెల్లం జీడి పెట్టమంది."

మైకులోంచి ఇది లోపలికి వినిపించింది. అప్ప కళ్ళు పెద్దవి చేసి చూపుడు వేలు ఊపింది.

"వేలు అలగ ఊపుతందేటే మీయమ్మ?" అంది మా అమ్మ.

"రెండు పెట్టమంటంది."

నేను నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగిపోయాను. నూకాలు వదిన నా భుజం పట్టి లాగింది. "ఏటిరా? పైడి అలగ అననేదా? అబద్దమాడతందా గుంట?"

"శుభ్రంగా ఆడుతోంది. ఇక్కడ ఏమన్నారో, అక్కడ ఏమన్నారో, ఈ రెండిటి మధ్యలో తనకేం కావాలో, మూడూ విడివిడిగా తెలియకపోతే ఇలాంటి అబద్ధం ఆడగలదా వదినా? కలగాపులగం అయిపోయిన బుర్రా అది?"

ఆవిడ అనుమానంగా చూసింది. "కాగితం మాటా?"

"కాదు. నా మాటే."

వదిన ముత్యాల్ని చూసింది. సింహాద్రిని చూసింది. వాడు మూత చేతులతో కన్ను వైపు, వాళ్ళ నాన్న వైపు ఎగురుతున్నాడు. "మావోడు కూడా అలగ అబద్దాలాడతాడేటి?"

"నేర్పితే ఇంకా బాగా ఆడతాడు."

వాడి చొక్కా కుట్టు వదిన తనే విప్పింది, జడలో పిన్నుతో.

ఎక్కుడు, అదే రోజు, చీకటి పడే ముందు

మా అమ్మ వలల మీద కూర్చుని ముత్యాలుకి జీడి తినిపిస్తోంది. రెండోది. అబద్ధమని నేను చెప్పలేదు, అమ్మకి తెలియకా పోలేదు. బావ అవతల కూర్చుని నూలు తాడు చుడుతున్నాడు. నేను కొంచెం దూరంలో కత్తి నూరుకుంటున్నాను. మాకింకా మాటల్లేవు.

కాసేపటికి అమ్మ అటూ ఇటూ చూసింది. వేళ్ళు దగ్గరికి చేర్చి, నోటి దగ్గరికి తెచ్చి, ముందుకు విసిరినట్టు ఒక ఆకారం చేసింది. పదమూడేళ్ళు దాచుకున్న ఆకారం.

"ఇలగంటే ఏటే?"

ముత్యాలు జీడి నముల్తూ చూసింది. తలడ్డంగా ఊపింది. జిగటగా ఉన్న చేత్తో అమ్మమ్మ వేళ్ళు పట్టుకుని, బొటనవేలు సరిచేసి, మణికట్టు తిప్పి, మళ్ళీ చేయించింది. అప్పుడు చెప్పింది.

"తిన్నావా?"

మా అమ్మ ఆ ఆకారం తనే ఇంకోసారి చేసి చూసుకుంది.

"నాను తలూపినాను" అంది చివరికి. నాతోనే అంది. "తిన్నాననుకునే ఎల్లుంటాడు మీ అయ్య."

"అవునమ్మా."

"ఆ పొద్దు నాను ఏటీ తిననేదురా. పొయ్యి కూడా ఎలిగించనేదు." మొహం మీది కన్నీళ్ళు తుడుచుకుని ముత్యాల వైపు చూసింది. "నానూ అబద్దమే ఆడినానన్నమాట."

ముత్యాలు చివరి ముక్క నోట్లో వేసుకుని, చెయ్యి చాపి, అప్ప ఇంకోటి పెట్టమందని చెప్పింది.

ఎక్కుడు అయిన మరునాడు

తాళం మళ్ళీ నా దగ్గరికొచ్చింది.

సంఘంలో నేను నోరు విప్పలేదు. విప్పొద్దని అప్ప చేతులతో గట్టిగానే చెప్పింది, ఒక తిట్టు కలిపి. మాట్లాడింది నూకాలు వదిన, మా బావ. "నాకు ఎత్తు, దించు, ఆపు వొచ్చు. నాలుగోది ఎవులు నేర్పుతారు?" అని బావ అడిగాడు. చేతిమాట గంట ఉంటుంది, పెద్దవాళ్ళు కూడా కూర్చోవచ్చు అని దానయ్య తాత తేల్చాడు. ఒడ్డు బడి పంతులమ్మ ఈ నెలే వస్తుంది. రానీ. పీత కథ నోటితో చెప్పమంటే సింహాద్రి సగం చెప్తున్నాడు. మిగతా సగం చేతులతో చెప్తాడు. ఆవిడకి అర్థం కాకపోతే ఆవిడా వచ్చి గదిలో కూర్చోవచ్చు, చాప ఉంది.

"మరి ముత్యాలు అడుక్కి పోతేనో?" అని రాత్రి అన్నం దగ్గర అడిగాను అమ్మని. అడగకుండా ఉండాల్సింది, నా నోరు అంతే.

"పోతే పోద్ది, ఉంటే ఉంటాది. ఏడనున్నా అది తిన్నాదో నేదో నాను అడగాల గదా" అంది.

ఈ రోజు హాజరు: పిల్లలందరూ, ఒక్క చొక్కాకీ మూత లేదు. కొర్లయ్య, మర పని మధ్యలో వచ్చి కాసేపు. నూకాలు, గుమ్మంలోనే నిలబడి. అసిరమ్మ, ముందు వరసలో, ముత్యాల పక్కన.

జావ అందరూ తాగారు. అసిరమ్మ మళ్ళీ కావాలని అడిగింది. చేతులతో అడిగింది. బొటనవేలు తప్పు పెట్టింది. అయినా పోశాను.